చప్పుడు పడని సుబేదారు

హఫీజ్‌పేటలో మా పక్కింటి సుబేదారుగారిని నేను బాబాయ్ అని, ఆయన భార్యను పిన్ని అని పిలిచేదాన్ని. బంధుత్వమేమీ లేదు. నాన్నకు కాకినాడ నుంచి ఇక్కడికి బదిలీ అయిన ఏడాదే ఆయన సైన్యం నుంచి రిటైరై వచ్చారు. గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరిగి రెండిళ్లూ ఒకటైపోయాయి.

హైటెక్ సిటీలో నా మొదటి ఇంటర్వ్యూకి ఆయనే స్కూటర్ మీద తీసుకెళ్లారు. పొద్దున లోపలికి వెళ్లి సాయంత్రం బయటికొస్తే, గేటు ఎదురుగా అలాగే నిలబడి ఉన్నారు. ఉద్యోగం సంగతి అడగలేదు.

"తిన్నవా బిడ్డా?" అన్నారు. ఇడ్లీ బండి దగ్గర తినిపించాక, "ఇగ చెప్పు" అన్నారు.

మొన్న వేసవిలో గుండెపోటుతో పోయారు. యుద్ధంలో పతకం అందుకున్న మనిషి కనుక సైనిక లాంఛనాలతో సాగనంపారు. వచ్చిన జవాన్లంతా చిన్నవాళ్లు. ఆయన్ని ఒక్కరూ ఎరగరు. అయినా సొంతవాళ్లలా భుజాన మోశారు. చితి దగ్గర, ఆయన మీద కప్పిన జెండాను తీసి మడిచి, అధికారి రెండు చేతులా పిన్నికి అందించాడు.

జవాన్లు తుపాకులెత్తారు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"జర మెల్లగ కాల్చమను బిడ్డా. మీ బాబాయికి చప్పుడు పడదు."

నిజమే. దీపావళి వచ్చిందంటే ఆయన తలుపులన్నీ మూసుకుని, టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చునేవారు. ఎందుకని ఎవరమూ అడగలేదు. నేను అధికారి వైపు చూసి, పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తుపాకులు పేలాయి. ఒక్కో మోతకూ పిన్ని చితి వైపు చెయ్యి చాచి, "ఏం కాలే, ఏం కాలే" అంటూనే ఉంది. ఆ తర్వాత బ్యూగిల్ ఊదారు. నాన్న పక్కకు తిరిగి ఏడ్చాడు.

నెల పోయాక ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పిన్ని బీరువాలోంచి జెండా తెచ్చి మంచం మీద పెట్టింది.

"దీన్ని జర ఎండకు ఆరెయ్యాల్నా, గిట్లనే మడతల ఉంచాల్నా?"

నాకు తెలియదు. మా రెండిళ్లలోనూ ఇలాంటివి తెలిసింది ఆయనొక్కరికే. ఎవరినైనా కనుక్కుని చెప్తానన్నాను. పిన్ని తలూపింది. అప్పటిదాకా మడత విప్పకుండా బీరువాలో పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.