వంతెన దాటకూడని బండి

సౌదీలోని తారూత్ దీవిలో నేను పదకొండేళ్లు ఉన్నాను. అందులో బండి నడిపింది ఏడాదిన్నర కూడా ఉండదు. అయినా ఆ దీవి గురించి ఎవరడిగినా ముందు నోటికొచ్చేది ఆ బండి మాటే. దాని వెనకాలే కోపం కూడా వస్తుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

దీవి పెద్దదేం కాదు. ఖతీఫ్ పట్నానికి ఎదురుగా, సముద్రం వెనక్కి పోయినప్పుడు బురదలో నడిచి దాటేయొచ్చు అనిపించేంత దగ్గర్లో ఉంటుంది. రెండు ఒడ్లనూ కలుపుతూ రాళ్లూ మట్టీ పోసి కట్టిన రోడ్డుంది. దాన్నే మేం వంతెన అనేవాళ్లం. దీవి మీద ఖర్జూరం తోటలు, ఇరుకు సందుల్లో పాత ఇండ్లు, ఒడ్డున రొయ్యల పడవలు. తోటల్లో బోర్లు, బోర్ల మీద పంపులు. ఆ పంపులు ఆగకుండా చూడటమే మా పని.

మా కఫీల్ అరవై దాటిన మనిషి. పంపులు బాగుచేసే దుకాణం ఆయనది, మా వీసాలూ ఆయన పేరు మీదే. మేం 'బాబా' అని పిలిచేవాళ్లం. ఆయన కింద ముగ్గురం. ఆర్మూరు వైపు నుంచి వచ్చిన అన్న ఒకరు, నాకంటే పదేళ్లు పెద్ద, పైపులు దించడం, ఎత్తడం ఆయన పని. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకడు. మూడోవాణ్ణి నేను. కోరుట్లలో మోటార్ వైండింగ్ దుకాణంలో పన్నెండేళ్లు పనిచేసి, పంపు చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పగలిగేవాణ్ణి. కానీ మెకానిక్ వీసా దొరకలేదు. ఏజెంటు తోట కూలి వీసా చేతిలో పెట్టి, "ఆడికి పోతే అన్నీ అవే మార్తయ్‌లే" అన్నాడు. అకామాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో కూడా అదే పడింది, తోట పనివాడు అని.

బండి ఆ ఫిలిప్పీన్స్ అతను నడిపేవాడు. జపాన్‌లో చేసిన మోటార్‌సైకిల్ అది, ఎర్ర రంగు ట్యాంకు, సీటు చిరిగితే ట్యూబు ముక్క వేసి కుట్టుకున్నాడు. కాగితాలు బాబా పేరు మీద ఉన్నా దాన్ని తుడిచేదీ, చైనుకి నూనె వేసేదీ అతనే. అతని ఊరు పసిఫిక్ సముద్రం వైపున్న చిన్న దీవి. అక్కడ బస్సులుండవట, ఇంటికో బండి ఉంటుందట. పెళ్లాం, ముగ్గురు పిల్లలు, బియ్యం బస్తా, ఒక్కోసారి బతికున్న పంది, అన్నీ ఒకే బండి మీద. ఎట్లా కూర్చుంటారో మమ్మల్ని ఎక్కించి మరీ చూపించేవాడు. "ఇక్కడ బండి ఉంది, రోడ్డుంది, పక్కన సముద్రం ఉంది. వానే లేదు" అనేవాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఎండాకాలం తర్వాత అతనికి ఇంటి నుంచి వరసగా ఉత్తరాలొచ్చాయి. భార్య భయపడుతోంది. పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వెళ్లిపోయాడు. పోయే రోజు పొద్దున తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇది నాది కాదు, నీది కూడా కాదు, బాబాది. కానీ నూనె నువ్వే వెయ్యాలి" అన్నాడు. ఆ మాట నేను సరిగ్గా వినలేదు. బండి దొరికిందన్న సంబరంలో ఉన్నాను.

జనవరిలో యుద్ధం మొదలైంది. దహ్రాన్ వైపు నుంచి సైరన్ వినబడేది. సముద్రంలో నూనె తెట్టు కట్టి కిందికి వస్తోందని, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు ఆగిపోతుందని చెప్పుకున్నారు. దాంతో దీవిలో ప్రతి ఇంటివాళ్లూ డ్రమ్ములు, బిందెలు, చివరికి పిల్లల స్నానాల తొట్లు కూడా తోట బోర్ల దగ్గరికి తెచ్చి పెట్టారు. ప్రతి పంపూ పొద్దంతా నడవాల్సిందే. బాబా కొడుకు పెళ్లాంపిల్లల్ని తీసుకుని పికప్‌లో సముద్రానికి దూరంగా ఉన్న హుఫూఫ్ వెళ్లిపోయాడు. మాకు మిగిలింది బండి ఒక్కటే. టూల్ డబ్బా ట్యాంకు మీద, వెనక అన్న, అన్న భుజం మీద పైపు రెంచి. రోజుకు పది తోటలు తిరిగేవాళ్లం. బాబా ఇంట్లోవాళ్లకు గ్యాస్ మాస్కులు వచ్చాయి. మా దాకా రాలేదు. అడిగితే బాబా, "రేపు" అన్నాడు. అన్న తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకుని, "మనకిదే మాస్కు, నడువు" అన్నాడు.

ఆ తర్వాత కువైట్‌లో తగలబడుతున్న నూనె బావుల పొగ వచ్చింది. ఉత్తరం గాలి వీస్తే మధ్యాహ్నం పూట కూడా లైటు వేసుకుని నడపాల్సి వచ్చేది. ఆరేసిన లుంగీల మీద నల్లటి చుక్కలు, ఎంత ఉతికినా పోయేవి కావు. చేపల బజారులో బేరం పడిపోయింది. అయినా నిజం చెప్పాలి, అంత సంతోషంగా నేను ఆ దేశంలో ఇంకెప్పుడూ లేను. పొద్దున్నే ఒడ్డు రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలికి చొక్కా ఉబ్బేది. తోట యజమానులు బండి చప్పుడు గుర్తుపట్టి గేటు తీసి నిలబడేవాళ్లు. దగ్గరికి పిలిచి ఖర్జూరాలు, కాఫీ ఇచ్చేవాళ్లు. పన్నెండేళ్లు ఒకడి దుకాణంలో వంగి పనిచేసినవాణ్ణి, ఇక్కడ నా కోసం ఎదురుచూసేవాళ్లున్నారు.

బాబా ఒక్కటే షరతు పెట్టాడు. "దీవి లోపల ఎంతైనా తిరుగు. ఇక్కడి పోలీసులకు నేను తెలుసు. వంతెన మాత్రం ఎక్కకు. అవతల చెక్‌పోస్టు ఉంది. నీకు లైసెన్స్ లేదు."

యుద్ధం అయిపోయాక ఆ షరతు మెడకు చుట్టుకుంది. బేరింగులు, బెల్టులు, వాషర్లు అన్నీ ఖతీఫ్‌లోనే దొరికేవి. బండి మీద పదిహేను నిమిషాల దారి. నేను వంతెన మొదట్లో బండి ఆపి, తాళం వేసి, ఎండలో నిలబడి, ఎవరిదైనా కారు ఆగుతుందేమో అని చెయ్యి ఊపేవాణ్ణి. ఒక్కోసారి గంట, ఒక్కోసారి రెండు. చేతిలో అరిగిన బేరింగు, ఎదురుగా కనబడుతున్న పట్నం. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కునేది. అరచేతిలో పట్టే ఇనప ముక్క కోసం పూటంతా పోయేది. తిరిగొస్తే తోటవాడి కేకలు, "చెట్లు ఎండుతుంటే ఎక్కడ పడుకున్నావు?" అని.

లైసెన్స్ తెచ్చుకుందామని ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్లాను. కంటి పరీక్ష చేయించుకున్నాను, ఫోటోలు దిగాను, బాబా చేత కాగితం రాయించుకోవడానికే మూడు వారాలు తిరిగాను. కిటికీ వెనక కూర్చున్నతను మర్యాదస్థుడే. అకామా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు ఏం పని చేస్తావు?"

"మెకానిక్‌ని. పంపులు."

"ఇందులో తోట పనివాడు అని ఉంది. తోట పనివాడికి లైసెన్స్ ఎందుకు?"

"పంపులు తోటల్లోనే ఉంటాయి సార్. తిరగాలి కదా."

"అయితే ముందు పని పేరు మార్పించుకుని రా" అని కాగితాలన్నీ వరసగా సర్ది, క్లిప్పు పెట్టి నాకే తిరిగిచ్చాడు.

బాబాకు చెప్పాను. "బుక్రా" అన్నాడు. రేపు. ఆ రేపు రంజాన్ దాకా పోయింది, రంజాన్ నుంచి హజ్ దాకా పోయింది. అడిగితే కోప్పడేవాడు కాదు, అదే నాకు ఇంకా మండేది. నవ్వుతూ టీ పోసి, "నీకేం తక్కువైంది? బండి ఉంది, దీవి ఉంది" అనేవాడు.

తర్వాతి ఏడాది ఒకరోజు, ఉదయం పది గంటలప్పుడు, దీవి ఉత్తరపు చివర ఒక తోటలో అన్న పంపు బెల్టు సరిచేస్తున్నాడు. తోట కాపలావాడు చూసుకోకుండా మోటారు ఆన్ చేశాడు. నేను స్టార్టర్ దగ్గరికి పరుగెత్తి ఆపేలోపే అన్న కుడిచెయ్యి బెల్టుకూ పుల్లీకీ మధ్య పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి. అన్న కింద కూర్చుని చెయ్యి వైపు చూస్తూ, "తమ్మీ, ఇది నా చెయ్యేనా?" అన్నాడు.

తువ్వాల గట్టిగా చుట్టాను. పికప్ ఆ రోజు కూడా బాబా కొడుకు దగ్గర హుఫూఫ్‌లోనే ఉంది. కాపలావాడి గదిలోంచి దుకాణానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. రోడ్డు మీద రెండు కార్లకు చెయ్యి ఊపాను. రక్తం చూసి ఒకటి ఆగకుండానే పోయింది, ఇంకొకటి ఆగి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది. అన్న ముఖం తెల్లబడుతోంది.

"ఎక్కు అన్నా."

"వంతెన అవుతల పోలీసోళ్లుంటరు గదరా."

"ఉంటే ఉండనీ. ఎక్కు, నన్ను గట్టిగ పట్టుకో."

టూల్ డబ్బాకు చుట్టి ఉంచే పాత లుంగీతో అన్న నడుమును నా నడుముకు కట్టుకున్నాను. ఆ బండిని అంత వేగంగా అంతకు ముందెప్పుడూ నడపలేదు. అన్న తల నా వీపు మీద వాలి, ప్రతి గుంతకీ మూలుగుతోంటే, "అయిపాయె, అచ్చినం, అచ్చినం" అంటూనే ఉన్నాను. వంతెన ఎక్కి దిగినట్టే గుర్తులేదు.

చెక్‌పోస్టు దగ్గర కుర్ర సిపాయి చెయ్యి అడ్డం పెట్టాడు. అతని మీద నాకు కోపం లేదు. అన్న చెయ్యి చూడగానే వెనక వస్తున్న కారును ఆపి, లోపల కూర్చున్నాయన వద్దంటున్నా వినకుండా అన్నను ఎక్కించి ఆస్పత్రికి పంపాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "లైసెన్స్?" అన్నాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక బాబా వచ్చి సంతకం పెట్టి నన్ను విడిపించాడు. కారులో నేనే అడిగాను, "అన్న ఎట్లున్నాడు?" అని. "వేళ్లు ఉన్నాయి. వంగవు" అన్నాడు. బండి మాత్రం పట్టుబడిన బండ్ల యార్డులో ఉండిపోయింది.

అక్కణ్ణుంచి మొదలైంది నా తిరుగుడు. బండి బయటికి రావాలంటే నడిపేవాడి లైసెన్స్ చూపించాలన్నారు. లైసెన్స్ కావాలంటే అకామాలో పని పేరు మారాలి. పని పేరు మారాలంటే నేను మెకానిక్‌నని మా దేశం నుంచి సర్టిఫికెట్ రావాలి, దాని మీద ముద్రలు పడాలి. నా దగ్గర సర్టిఫికెట్ ఎక్కడిది? పదో తరగతి మధ్యలో ఆపి గ్రీజులో చెయ్యి పెట్టినవాణ్ణి. పని పేర్లు మార్చే ఆఫీసులో కూర్చుని నా రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించాను. గోళ్ల సందుల్లో నల్లటి మరకలు. "ఇవి చూడండి, తోట పనివాడి చేతులా ఇవి?" అన్నాను. గుమస్తా నవ్వి, "చేతుల మీద ముద్ర వెయ్యలేం కదా" అన్నాడు. సాటి మనిషి సరదాగా అన్న మాటే. కానీ ఆ రోజు ఖతీఫ్ దాకా బస్సులో వస్తూ ఏడ్చాను.

మా తమ్ముడికి రాశాను. కోరుట్ల దుకాణం సేటు ఒక కాగితం రాసిచ్చాడు. అది ఇంగ్లీషులోకి మారాలి, ఇంగ్లీషు నుంచి అరబ్బీలోకి మారాలి. ఒకసారి నా పేరు తప్పు పడింది, వెనక్కి పంపాను. ఇంకోసారి ముద్ర సగమే పడిందన్నారు, మళ్లీ పంపాను. రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తోటల మధ్య నడిచాను, టూల్ డబ్బా భుజం మీద పెట్టుకుని. నడుస్తూ ఎవరినో తిట్టుకునేవాణ్ణి, ఎవరినో నాకే తెలియదు.

చివరికి అకామాలో మెకానిక్ అని పడింది. లైసెన్స్ కూడా వచ్చింది. కారుకి మాత్రమే. బండికి వేరే పరీక్ష అన్నారు, అదెప్పుడు పెడతారో తెలియదన్నారు. అయినా ఆ లైసెన్స్ జేబులో పెట్టుకుని నేరుగా యార్డుకు పోయాను. కాపలా ఉన్న యెమెనీ ముసలాయన రిజిస్టరు తిరగేసి, "ఎర్ర బండి తుక్కు కింద పోయి ఏడాది దాటింది. యజమాని వచ్చి సంతకం పెట్టాడు" అన్నాడు.

దుకాణానికి వచ్చేసరికి బాబా టీ తాగుతున్నాడు.

"బండి అమ్మేశారా?"

"అవును. ఊరికే తుప్పు పడుతోంది."

"నాకు చెప్పలేదు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకెందుకు చెప్పాలి? అది నా బండి."

 ఆయన అబద్ధమాడలేదు, నన్ను మోసమూ చెయ్యలేదు. రెండేళ్లు నేను ఎక్కడెక్కడ తిరుగుతున్నానో, దేనికోసం తిరుగుతున్నానో ఆయనకు తట్టనే లేదు. లైసెన్స్ చేతికి తీసుకుని చూసి సంతోషించాడు. "మంచిదైంది. మావాడు హుఫూఫ్‌లోనే ఉండిపోతానంటున్నాడు. రేపటి నుంచి పికప్ నువ్వే నడుపు" అని తాళాలిచ్చాడు. అలా మెకానిక్ పనితో పాటు డ్రైవర్ పని కూడా నామీదే పడింది.

ఆ వారమే పికప్‌లో ఖతీఫ్ వెళ్లాను బేరింగుల కోసం. చెక్‌పోస్టు తీసేసి చాలా రోజులైందట, పరాయి కార్లలో వెనక కూర్చుని పోతూ నేను గమనించనే లేదు. పక్కన అన్న కూర్చున్నాడు. వంగని రెండు వేళ్లతో సీసా మూత తిప్పలేక తంటాలు పడుతుంటే నేను తీసిచ్చాను.

"నా వల్లనే పాయె నీ బండి" అన్నాడు.

"నీ వల్ల కాదన్నా."

"మరి ఎవని వల్ల?"

ఆలోచించాను. సిపాయి వల్ల కాదు, గుమస్తా వల్ల కాదు, బాబా వల్ల అందామన్నా నోరు రాలేదు. ఎవరో ఒకరు చెడ్డవాడు ఉండుంటే వాణ్ణి తిట్టుకుని హాయిగా నిద్రపోయేవాణ్ణేమో. అన్న ఇంకా నా వైపే చూస్తున్నాడు. "నీళ్లు తాగన్నా, ఎండగ ఉంది" అన్నాను. బేరింగుల దుకాణం ముందు పికప్ పెట్టడానికి జాగా దొరక్క ఆ సందు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం.