ఆ శనివారాలు ఎక్కడికి వెళ్లానంటే

పదిహేనేళ్ల కిందట నేనన్న ఒక్క మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. "లేదు" అన్న మాట. ఇవాళ మీకు చెప్పేస్తాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ వస్తే గచ్చిబౌలిలో మా ఆఫీసు మూసి, బదులుగా శనివారం పని చేయించేవారు. నాకది భలే కలిసొచ్చింది. బంద్ లేని వారంలో కూడా "ఈ శనివారం ఆఫీసుంది" అని నల్లగండ్లలో మా ఇంట్లో చెప్పి, డాక్టర్ల దగ్గరికి వెళ్లేదాన్ని. ఒకరు నెలసరి తప్పే పీసీఓడీకి, ఒకరు డిప్రెషన్‌కి. మాత్రలు లంచ్ బ్యాగులో దాచేదాన్ని. ఇంట్లో అందరికీ నేను గట్టిదాన్ని మరి. ఆ పేరు పోతే ఎట్లా అనుకున్నాను. ఎంత పిచ్చి!

అప్పుడే నా చెల్లెలికి నెలసరి తప్పడం మొదలైంది. తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకునేది. దవాఖానకు నేనే తీసుకెళ్లాను.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ," అన్నాను. ఒళ్లో ఉన్న బ్యాగులో అవే మాత్రలున్నాయి.

బయట ఆటో ఎక్కుతూ చెల్లి అడిగింది. "అక్కా, ఇంట్ల ఎవ్వరికీ లేంది నాకొక్కదానికే గిట్లెందుకైంది? నేనే మంచిగ లేనా?"

"ఊకె పరేషాన్ గాకు. నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నవ్."

నమ్మింది. లోపం తనదేననుకుంది. మనసుకిచ్చిన మాత్రలు మానేసింది, పెళ్లయ్యాక కూడా ఏడుపొస్తే బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేది, అది తెలిసి కూడా నేను ఏమీ ఎరగనట్టు పండగలకు చీరలు కొనిచ్చాను. నోరెందుకు రాలేదు? భయమా? అహంకారమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పోయిన నెల దాని కూతురికి, పదమూడేళ్ల పిల్లకి, అదే వరస మొదలైంది. ముగ్గురం వెళ్లాం. డాక్టర్ మారింది, ప్రశ్న అదే. పీసీఓడీకీ డిప్రెషన్‌కీ కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉండొచ్చని, అందుకే ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ కనిపిస్తాయని, ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చని చెప్పింది. ఎవరి తప్పూ కాదంది.

"నాకున్నాయి," అన్నాను. "రెండూ. మా చెల్లి కంటే ముందు నుంచే."

చెల్లి నా వైపు చూడలేదు. ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తమని అడిగే మొహం నాకు లేదు. గొంతు మాత్రం తేలికైంది, అబద్ధమెందుకు.

ఆ రోజు మెట్లు దిగుతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అయితే నేనొక్కదాన్నే కాదా పెద్దమ్మా?"

"కాదు బిడ్డా. నేనున్న, మీ అమ్మ ఉన్నది."

పిల్ల నవ్వింది. పదిహేనేళ్ల కిందట దాని తల్లికి చెప్పాల్సిన జవాబు అది.