కంబళి మీద చెప్పిన మాట

"రంగనాయకి చెప్పిందంటే కంబళి మీద చెప్పినట్టే" అని ఆ వీధిలో ఒక మాట ఉంది. ఏ పిల్లకు ఏ సంబంధం తగును, ఎవరి ఆవు ఎవరి చేలో పడింది, అత్తాకోడళ్ళలో ముందు నోరు పారేసుకున్నది ఎవరు, తగవు ఏదైనా సరే, ఆమె చెప్పినాక ఇంకొకరు నోరెత్తరు. యాభైయెనిమిదేళ్ళ మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఈ పొగడ్త చెవిన పడితే చాలు, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి లోపలికి పోతుంది. సిగ్గుపడుతోందని అందరూ అనుకునేవాళ్ళు. సిగ్గే, కాదనను. అది వాళ్ళనుకునే సిగ్గు కాదు, అంతే.

చిన్నమనూరికి పడమరగా, ద్రాక్ష పందిళ్ళ మధ్య, నలభై తెలుగిళ్ళు. తాతల నాడు ఎప్పుడో వచ్చి పడ్డ వాళ్ళు. బయట అరవం, ఇంట్లో తెలుగు. ఇప్పుడంటే పిల్లలు తగవొస్తే పోలీసు స్టేషనుకు పోతామంటున్నారు గానీ, అప్పట్లో కులపెద్ద దొరసామి ఇంట్లో ఉన్న నల్ల గొర్రెబొచ్చు కంబళి పరిచి, దాని మీద వేపమండ పెట్టిన చెంబు ఉంచేవాళ్ళు. ఆ కంబళి మీద చెయ్యి పెట్టి చెప్పిందే నిజం. దాని మీద అబద్ధమాడితే వంశం నిలవదని నమ్మిక.

ముప్ఫైనాలుగేళ్ళ కిందట రంగనాయకి ఆ కంబళి మీద చెయ్యి పెట్టి అబద్ధమాడింది.

ఆమెకు తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది చిన్నమ్మ వళ్ళియమ్మాళ్. చిన్నమ్మ కూతురు ఆరాయి, ఈమెకన్న మూడేళ్ళు చిన్నది. ఒక కంచంలో తిన్నారు, ఒక చాప మీద పడుకున్నారు. రంగనాయకికి మొదటి కాన్పు చిన్నమ్మ ఇంట్లోనే అయింది, కొడుకు దినకరన్ పుట్టినాడు. మూడో నెలలో అత్తింటికి పోతూ, "బిడ్డను చూసుకోను తోడు రావే, రెండు నెలలు ఉండి పోదువు" అని ఆరాయి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది తనే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆ చెయ్యి నరికేసుకోవాలనిపిస్తుంది ఆమెకు.

ఒక మధ్యాహ్నం బావి దగ్గర్నుంచి వస్తే, తన మొగుడు సుందరమూర్తి ఆరాయి పడుకునే గదిలోంచి పంచె సర్దుకుంటూ బయటికి వచ్చినాడు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పోయి బిడ్డకు పాలిచ్చింది. ఆరాయి వారం రోజులు మూల కూర్చుని ఏడిస్తే, తప్పు చేసింది, అందుకే ఏడుపు అనుకుంది. నాలుగో నెల దాటేసరికి ఆరాయి కడుపు బయటపడింది. కంబళి పరిచినారు.

అక్కడి కట్టు ఏమిటంటే, కడుపు చేసినవాడు మనవాడైతే వాడి చేత తాళి కట్టిస్తారు, ముందే పెళ్ళాం ఉన్నా సరే. బయటివాడైతే ఆ పిల్లను కులంలోంచి తీసేస్తారు. చావుకైనా బతుక్కైనా మళ్ళీ ఆ వీధిలో అడుగు పెట్టకూడదు. ఎవరని అడిగితే ఆరాయి నోరు విప్పలేదు. "నీ ఇంట్లో ఉన్న పిల్ల కదా, నీకు తెలిసింది చెప్పు" అని దొరసామి రంగనాయకిని అడిగినాడు. నిజం చెప్తే చెల్లెలు సవతి అవుతుంది. రంగనాయకి కంబళి మీద చెయ్యి పెట్టి, "ద్రాక్ష లారీ తెచ్చేవాడితో తోటలో చూసినాను" అనింది. భయం ఒక పాలు, పగ మూడు పాళ్ళు. నా కాపురంలో వేలు పెట్టినావు కదా, పో, అనుకుంది. ఆరాయి తలెత్తి అక్క ముఖంలోకి ఒక్కసారి చూసి, మళ్ళీ దించుకుంది. కాదనలేదు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోగలమా? ఆరాయి ఉడుమలైపేటకు పోయి నూలు మిల్లులో చేరింది. ఆడపిల్లను కనింది, నివేదిత అని పేరు పెట్టింది, ఒంటి చేత్తో పెంచింది. ఇక్కడ రంగనాయకి ఆ సంవత్సరం నుంచీ కంబళి కప్పుకోలేదు, మార్గళి నెల చలిలో కూడా. సుందరమూర్తి తాగి తాగి పదేళ్ళ కిందట పోయినాడు. ఆరాయి నన్ను కాపాడాలనే నోరు మూసుకుంది, నా కాపురం కోసం తన బతుకు బుగ్గి చేసుకుంది అని రంగనాయకి అన్నేళ్ళూ లోలోపల కుమిలింది. చెప్పేద్దామని ఎన్నిసార్లు దొరసామి వాకిటి దాకా పోయి, మజ్జిగ అడిగి తాగి వచ్చిందో దేవుడికే తెలుసు.

పోయిన నెల వళ్ళియమ్మాళ్ చనిపోయింది. ఎనభైయారేళ్ళు. ఆఖరు వారమంతా ఆరాయి పేరే కలవరించింది. మధ్యాహ్నం రెండింటికి కబురొచ్చింది, ఆరాయి కూతుర్ని వెంటబెట్టుకుని బస్ స్టాపులో నిలబడి ఉందని. వీధిలోకి రాకూడదు కదా. ఆమె అడిగినది ఒక్కటే, తల్లి పక్కన ఒక్క గడియ కూర్చుని, నోట్లో గుప్పెడు బియ్యం వెయ్యనిమ్మని. కూతురు తల్లికి చేసే ఆఖరు పని అది. "కంబళి మీద తీసేసినదాన్ని ఎట్లా రానిస్తాము?" అన్నారు పెద్దవాళ్ళు. నాలుగింటికి ఎత్తాలి.

రంగనాయకి శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. లేచి దొరసామి ముందుకు పోయింది. ఆయనకు ఇప్పుడు ఎనభై.

"మామా, కంబళి పరిపించు. ఒక మాట చెప్పాల."

"శవం ఇంట్లో ఉండంగా పరచకూడదమ్మా."

"అట్లయితే మా చిన్నమ్మ కాళ్ళ మీద చెయ్యి పెట్టి చెప్తా."

చెప్పింది. లారీవాడు లేడు, ఏమీ లేదు, తన మొగుడేనని చెప్పింది. తప్పెట కొట్టేవాళ్ళు ఆపేసినారు. దినకరన్ పాడె కడుతున్నాడు, చేతిలో తాడు అట్లాగే ఉండిపోయింది. "అమ్మా, లోపలికి పో" అన్నాడు మెల్లగా. ఆమె పోలేదు.

"మనవాడేనన్న మాట. అయితే ఆ పిల్ల మన పిల్లే. సుందరమూర్తి చిన్న పెళ్ళాం వరసలో వచ్చి కూర్చోమను. పిలుచుకు రండి" అన్నాడు దొరసామి.

అంతే. ముప్ఫైనాలుగేళ్ళ వెలి అరనిమిషంలో తీరిపోయింది. ఇంత తేలికైన పనికా ఒక మనిషి బతుకంతా మిల్లు దూదిలో దగ్గుతూ గడిపింది? నాకైతే ఒళ్ళు మండుతుంది. రంగనాయకికి మాత్రం ఆ క్షణాన గుండె దూదిపింజ అయింది. చెప్పులు కూడా వేసుకోకుండా తారు రోడ్డు మీద బస్ స్టాపు దాకా పరుగెత్తింది.

ఆరాయి తల సగం నెరిసింది, మోకాళ్ళు వాచి ఉన్నాయి. పక్కన నివేదిత తల్లి భుజం పట్టుకుని నిలబడింది. రంగనాయకి ఎగరొప్పుతూ అంతా చెప్పింది. "చెప్పేసినానే, అందరి ముందూ చెప్పేసినా. రా, చిన్నమ్మ దగ్గరికి రా."

"ఏమని రమ్మన్నారు?"

"చిన్న పెళ్ళాం వరసలో... మాట వరసకే లేవే."

ఆరాయి కదలలేదు. "అక్కా, ఆ రోజు నేను నోరు మూసుకున్నది నిన్ను కాపాడాలని అనుకున్నావా?"

రంగనాయకి అట్లానే కదా అనుకుంది.

"వాని పేరు చెప్తే వాని చేతనే తాళి కట్టిస్తారని మూసుకున్నా. వద్దు బావా వద్దు బావా అని కాళ్ళు పట్టుకున్నా విననివాని చేత. వారం రోజులు అన్నం ముట్టలేదే నేను, ఏమే ఆరాయీ అని ఒక్క మాట అడిగినావా? నీ అబద్ధమే నన్ను వాని ఇంట్లో పడకుండా చేసింది. అందుకు నీకు దండం పెట్టాలో, మా అమ్మను నాకు లేకుండా చేసినందుకు దుమ్మెత్తి పొయ్యాలో నాకు ఇప్పటికీ తెలీలేదు. వాని పెళ్ళామని చెప్పుకుని మాత్రం ఆ వీధిలోకి రాను."

రంగనాయకి అక్కడే రోడ్డు పక్కన కూలబడింది. ఇన్నాళ్ళూ తను చేసినది ఒక పాపం అనుకుంది, ఒక అబద్ధం. దాని అడుగున ఇది ఉంది. తన ఇంట్లో, తన గోడ అవతల. పగ తీర్చుకున్నది ఎవరి మీద? ఏడుస్తూ చెల్లెలి పాదాలు పట్టుకోబోయింది.

"మన్నించమని అడగొద్దక్కా" అంది ఆరాయి. "అడిగితే కాదనలేను. సరే అన్నా అది నా మనసులోంచి రాదు." నివేదిత చేతిలోని చిన్న మూట తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "మా ఇంటి బియ్యం. నువ్వే వెయ్యి, నా పేరు చెప్పి వెయ్యి. నేను ఇక్కడే నిలబడతా. పాడె ఈ రోడ్డునే కదా పోయేది, ముఖం చూసుకుంటా. నాకు అది చాలు."

రంగనాయకి ఒంటరిగా తిరిగి రావడం చూసి వాకిట్లో గుసగుసలు లేచినాయి. "పిలిస్తే కూడా రాలేదా? ఎంత పొగరు" అనింది ఎవరో. ఊరుకుని ఉంటే ఎట్లా ఉండేదో. ఊరుకోలేకపోయింది. ఒకసారి ఊరుకున్నందుకే కదా ఇంత అయింది.

"పొగరు కాదు" అంది గట్టిగా. "నా మొగుడు దాన్ని బలవంతంగా చెరిచినాడు. అతని పెళ్ళాంగా రమ్మంటే అది ఎట్లా వస్తుంది?"

దొరసామి ముఖం ముడుచుకుంది. "చూడు తల్లీ. ఆ రోజు కంబళి మీద ఒకటి చెప్పినావు. ఇందాక ఇంకొకటి చెప్పినావు. ఇప్పుడు ఇది. దేన్ని నమ్మమంటావు? చచ్చినవాని మీద ఇంకా ఎంత వేస్తావు?"

ఒక్కరు కూడా ఆమె వైపు చూడలేదు. ఆమె వంగి చిన్నమ్మ నోట్లో బియ్యం వేసింది. "ఆరాయి వేస్తోంది చిన్నమ్మా" అంది. దినకరన్ తల్లిని పక్కకు తోసినట్టే జరిపి, ముందు కొయ్య భుజానికెత్తుకున్నాడు. వాకిలి దాటినాక రోడ్డు వైపు తిరగాల్సినవాడు ఆగిపోయినాడు.

"కాలవ గట్టు మీద పోదాం" అన్నాడు.

"అది చుట్టు దారి కదరా" అన్నారు ఎవరో.

"పోదాం అంటున్నా కదా."

"రోడ్డున పోండ్రా నాయనా, అది నిలబడి ఉంది, ఒక్కసారి చూడనీండ్రా" అని రంగనాయకి వెనకాల పరుగెత్తింది. ఆమె మాట వినేవాడు ఇప్పుడు అక్కడ ఎవడున్నాడు? తప్పెటలు మోగినాయి, పాడె గట్టెక్కి కొబ్బరి చెట్ల వెనక్కు పోయింది.

ఇంక చేసేదేముంది, ఆమె బస్ స్టాపుకు పోయింది. ఆరాయి చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, రోడ్డు అంచున నిలబడి ఉంది. తప్పెట చప్పుడు విని వీధి వైపే చూస్తూ ఉంది.

"వస్తున్నారా అక్కా?" అంది.