జాజు పూయని తెల్లెద్దు

మొన్న ఎద్దుల పండుగ కారు పున్నమి నాడు మా సత్యనారాయణపేట వీధిలో సంఘపెద్దగారి అబ్బాయి కొత్త ట్రాక్టరు తెచ్చి, దానికి వేపమండలు చుట్టి, బానెట్టు మీద రెండు ప్లాస్టిక్ కొమ్ములు తగిలించి నిలబెడితే, మా పాస్టరుగారు స్వయంగా వచ్చి ఆ కొమ్ముల మధ్య చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం గుంపులోంచి బయటపడ్డాను. ఇంటికొచ్చి తలుపేసుకుని, ఈ వయసులో ఈ ఏడుపేమిటే అని నన్ను నేనే తిట్టుకుంటూ చాలాసేపు ఏడ్చాను.

మాది హగరి ఏటి ఒడ్డున ఊరు. తాతల నాడే మిషను సంఘంలో కలిసినా, నల్లరేగడినీ ఎద్దులనూ వదిలినవాళ్ళం కాదు. ఏడాది మొత్తం మీద పొద్దు పొడుగ్గా సాగే ఆ రోజుల్లో, సూర్యుడు ఇక దక్షిణానికి మళ్ళబోతున్నాడనగా వచ్చే ఆ పున్నమికి, నాన్న చీకటితోనే లేచి ఎద్దులను ఏటి చెలమల నీళ్ళతో కడిగి, కొమ్ములకు ఎర్రటి జాజు పూసి, పొద్దు పొడిచే వైపు నిలబెట్టి, అమ్మ వండిన జొన్న కిచిడి తన చేత్తో తినిపించేవాడు. విగ్రహం లేదు, మంత్రం లేదు. పైన పొద్దు, కింద మన్ను, మధ్యన ఎద్దు, అంతే మా పండుగ. సాయంత్రం ఊరి మొగదల వేపమండలు కట్టిన తాడు మీదికి ఊరి ఎద్దులన్నిటినీ తరిమేవాళ్ళు. తెల్లెద్దు ముందుగా తెంపితే జొన్న, పత్తి పండుతాయనీ, ఎర్రెద్దు తెంపితే మిరప లాంటి ఎర్రపంటలు పండుతాయనీ నమ్మకం. దాన్నే కరి తెంపడం అనేవాళ్ళం.

అలా ఉండగా సంఘానికి కొత్తగా ఒక పాస్టరుగారు వచ్చారు. ఇది అన్యుల పండుగ అనీ, చేసినవాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే చర్చిలో పంచే రొట్టెలో, ద్రాక్షరసంలో పాలు లేదనీ గట్టిగా చెప్పేశారు. నాన్న మొదట నవ్వాడు. “నోరులేని జీవానికి అన్యులేంది, మనోళ్ళేంది అయ్యా?” అన్నాడు. కానీ అమ్మ అన్నం మానేసింది. ఆమె దృష్టిలో బల్ల పోవడమంటే పరలోకం పోవడమే. చివరికి నాన్నే తగ్గాడు. ఆ ఏడు జాజు లేదు, కిచిడి లేదు, ఎద్దులను రెండేసి పలుపులతో గుంజకు కట్టేసి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టి తలుపు వేశాడు.

డప్పులు మోగగానే మా తెల్లెద్దు రంకె వేసి, పలుపులు తెంపుకుని, బోసి కొమ్ములతోనే ఊరి మీదికి పరుగెత్తింది. మేమంతా లబోదిబోమంటూ దాని వెనకాలే ఉరికాం. అన్ని ఎద్దులనూ దాటుకుని కరి తెంపింది మాదే. ఒక్క క్షణం నాన్న మొహం ఎంత వెలిగిందో! అంతలోనే ఊరి పెద్ద గౌడ ముందుకొచ్చి, “పూజ కాని ఎద్దు తెంపితే ఊరు యాడ పండుతాదప్పా?” అన్నాడు.

కబురు పాస్టరుగారికి అందనే అందింది. నాన్నే కావాలని ఎద్దును వదిలాడని ఆయన నమ్మారు. ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో వస్తూ వస్తూ, చాచిన నాన్న చేతుల దగ్గర ఆగకుండా పక్కవాళ్ళ దగ్గరికి పోయింది. ఆ ఏడు వాన కూడా మొహం చాటేసింది. ఊరంతా మా ఎద్దునే ఆడిపోసుకుంది. “రెంటికీ చెడ్డ రేవడినైతిని” అని ఒక్కసారి అన్నాడు నాన్న, అంతే. తెల్లెద్దును సంతలో అమ్మేశాడు. అది మాటిమాటికీ వెనక్కి తిరుగుతుంటే నాన్న తల ఎత్తనే లేదు.

నాన్న మళ్ళీ చర్చి మెట్లెక్కలేదు, కారు పున్నమికి పొలం గట్టూ ఎక్కలేదు. మంచాన పడి చివరి రోజుల్లో ఉండగా, జాలిపడి ఇంకో పాస్టరుగారు రొట్టె తెస్తే, వద్దని గోడ వైపు తిరిగి, “పొద్దు ఎంత ఎక్కిండాదమ్మా?” అని నన్నడిగాడు. అవే నాన్న ఆఖరి మాటలు.

ఇప్పుడు మా ఊళ్ళో ఒక్క ఎద్దు లేదు. పిల్లలంతా తెల్లారేసరికి తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సెక్కేస్తారు. కరి కట్టేవాళ్ళూ లేరు, కాదనేవాళ్ళూ లేరు. నెలనెలా నా చేతిలో రొట్టె ముక్క పడుతూనే ఉంది, మింగుతూనే ఉన్నాను. ఆ ప్లాస్టిక్ కొమ్ముల మధ్య పెట్టినట్టే ఆనాటి పాస్టరుగారు మా తెల్లెద్దు నొసటి మీద ఒక్కసారి చెయ్యి పెట్టి ఉంటే, మా నాన్న గోడ వైపు తిరిగి పోయేవాడు కాదు.