బెల్లం గదికి బోణీ

పుదుచ్చేరి శివార్లలో సేదరపేట్ దగ్గర ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన గుంపులో మా బస్సు ఇరుక్కుపోయింది. నేను మైలం నుంచి వస్తున్నాను. ఎందుకని అడక్కండి, కిటికీ పక్క సీటు దొరికితే చాలు, బస్సు ఏ ఊరు పోయినా ఫరవాలేదనుకునే మనిషిని. ఆ కిటికీలోంచే ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు లోపలికొచ్చి నా ఒళ్ళో కూర్చుంది. మా వైపు తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారు. బకెట్టు వేసి ఒడి పట్టుకోవడం అక్కడే చూశాను.

"ఓరి నాయనో!" అన్నాను.

"తెలుగా సామీ? అయితే గెట్టిగా పట్టుకో, వస్తా ఉండా" అంది కిటికీ కింద గొంతు.

కాసేపటికి గొంతుగల మనిషి వచ్చి నన్ను పక్కకి జరిపి కూర్చున్నాడు. డెబ్బై దాటిన వయసు, ఉతికిన తెల్లచొక్కా, కాళ్ళకి చెప్పులు లేవు. పేరు చెంగల్రాయన్, ఊరు ఏంబలం. పుదుచ్చేరిలో తెలుగు అనగానే మనవాళ్ళు యానాం అంటారు. అది వేరే కథ. ఈయనవాళ్ళు ఎన్ని తరాల కిందట దిగి వచ్చారో వాళ్ళకే తెలీదు. అడిగితే "అప్పుడే" అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది అరవం. ఈయనకి ఆ చదివేది కూడా లేదు.

"బకెట్టుకి పిడి లేదేం?" అన్నాను.

"మొదటి బకెట్టు సామీ. అచ్చులోనించి పడ్డం పడ్డం నా చేతిలో పెట్టినారు. పిడి మిషిను ఇంకా రాలేదంట."

అప్పుడు తెలిసింది ఆయన పని. పని అనకూడదు, దానికి కూలి లేదు. చెంగల్రాయన్ బోణీ చేస్తాడు. మనం హస్తవాసి అంటామే, అక్కడ కైరాశి అంటారు, అది ఆయనకి మహా జాస్తి అని పేరు. కుర్రతనంలో పెద్ద మార్కెట్ వెనక ఒక కొత్త కిళ్ళీ బడ్డీలో వక్కపొడి పొట్లం కొన్నాడట. ఆ బడ్డీ మూడు కొట్లయింది. అంతే, అప్పటినించి ఊళ్ళో ఎవరు ఏ కొట్టు తెరిచినా మొదటి సరుకు చెంగల్రాయన్ చేతిలో పెట్టాల్సిందే. ఆయన జేబులో ఉన్న నాణెం ఇస్తాడు, వాళ్ళు కళ్ళకద్దుకుంటారు. బేరం లేదు, వద్దనడం లేదు.

కాశీలో పడవవాడు మొదటి నాణేన్ని తెడ్డుకి తాకించడం చూశాను. గుంటూరు మిరపయార్డులో మొదటి బస్తా దగ్గర తుమ్మినవాణ్ణి తరిమికొట్టడమూ చూశాను. బోణీకోసం మనిషినే అరువు తెచ్చుకునే ఊరు మాత్రం ఇదే.

"మా ఇంట్లో అన్నీ ఒక్కొక్కటే సామీ" అన్నాడు. "ఒక గాజు, ఒక టైరు. క్రికెట్ ఆడేవాళ్ళు కాలికి కట్టుకుంటారే, అది ఒకటి. మా ఆడది మీనాంబాళ్ దాంతో వేడి కుండ దించుతుంది. శవపెట్టెల కొట్టుకి కూడా పిలిచినారు."

"వెళ్ళారా?"

"పిలిస్తే పోకుండా ఎట్లా? నాలుగు మేకులు చాలన్నా. ఆయన మంచోడు, పెట్టె ఇస్తానన్నాడు."

"మరి మీరే ఒక కొట్టు పెట్టుకోవచ్చుగా?"

ఆయన బకెట్టులోకి చూశాడు. "పెట్టినా. రిబ్బన్లు, దువ్వెనలు. బోణీ నేనే చేసుకున్నా. దీపావళి దాకా కూడా నిలవలేదు. ఎవని చెయ్యి వానికి రాదు సామీ." తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. బోణీ చేసినవాడు పోయొస్తానని చెప్పకూడదట. చెబితే వ్యాపారం కూడా వాడి వెంట బయల్దేరుతుందట. అందుకని ఎక్కడా చెప్పకుండా లేచిపోవడం ఆయనకి అలవాటైపోయింది. "మా వియ్యంకుడింట్లో కూడా చెప్పను. నాకు మర్యాద తెలీదంటారు. ఉండనీ."

ఆ పూట ఇంకో బోణీ ఉందన్నాడు, పుస్తకాల కొట్లో. పుస్తకాలు అన్న మాట వింటే నా కాళ్ళు నా మాట వినవు. బకెట్టు మోసుకుంటూ వెంట నడిచాను.

బజారు సందులో ముందు పుస్తకాల కొట్టు, వెనక పొడుగాటి గది. రెండూ శ్రీనివాసన్ గారివే. ఆ గది ఒకప్పుడు ఆయన బెల్లం గోడౌను. రెండేళ్ళ కిందట ఆయన కూతురు కవిప్రియ పోట్లాడి దాన్ని పటాల గదిగా మార్చింది. నెలకోసారి కవులు చదువుతారు, కథలవాళ్ళు వాదించుకుంటారు, ఊళ్ళో చిత్రకారులు బొమ్మలు పెడతారు. సున్నం ఎన్నిసార్లు వేసినా గోడలు బెల్లం వాసన వదల్లేదు. చీమలు ప్రతి ప్రదర్శనకీ వస్తాయి. కవితలకి వచ్చేవాళ్ళకన్నా ఎక్కువే వస్తాయి. ఇన్నాళ్ళలో ఒక్క పటం అమ్ముడుపోలేదు.

అందుకని శ్రీనివాసన్ గారు గడువు పెట్టారు. ఇవాళ పొద్దుగూకేలోగా ఒక్క పటం అమ్మితే గది కూతురిది, లేకపోతే బెల్లానిది. బోణీ లెక్కలోకి రాదు, అది ఇంటివాళ్ళ సాయం. నిజంగా కొనేవాళ్ళు కొనాలి. ఆయన అసలైన వ్యాపారి, రెండువైపులా కాసుకున్నారు. ముందు గుమ్మానికి చెంగల్రాయన్‌ని పిలిపించారు. వెనక గుమ్మానికి బెల్లం లారీ పిలిపించారు.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. లోపల సుందరి గారని ఒకావిడ కూర్చుని మూడో కాఫీ తాగుతున్నారు. సముద్రం వైపు ఆవిడకి గెస్ట్‌హౌసు ఉంది, గదుల్లోకి పటాలు కావాలి. కొనడానికి పొద్దున్నే వచ్చారు. శ్రీనివాసన్ గారు అమ్మనివ్వలేదు.

"బోణీ కానీయండమ్మా."

"నేనే చేస్తాను కదండీ!"

"మీరు చెయ్యకూడదని కాదమ్మా. మీ చెయ్యి ఎట్లాంటిదో మాకు తెలీదు గదా."

కవిప్రియ తల పట్టుకుంది. చెంగల్రాయన్‌ని చూడగానే శ్రీనివాసన్ గారు ముందుకొట్లోంచి ఒక పోస్టుకార్డు బొమ్మ తెచ్చి, "ఇదో మామా, కానీ" అని చేతిలో పెట్టబోయారు. కవిప్రియ అడ్డం వచ్చింది.

"అట్లా వద్దప్పా. తాతా, నువ్వే చూడు. నీకు ఏది నచ్చితే అది తీసుకో."

పెద్దాయన మొహం పాలిపోయింది. "నన్నే ఏరుకోమంటావా?"

"అవును తాతా."

"ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదే, పాపా!"

మొదలుపెట్టాడు. ఒక్కో పటం ముందు నిలబడ్డాడు, పక్కకి వంగి చూశాడు, వాసన చూశాడు. నీలంగా ఉన్న ఆడమనిషి దగ్గర, "ఈయమ్మకి జొరమా?" అన్నాడు. చిత్రకారుడు బాలమురుగన్ పళ్ళు బిగించాడు. రంగులు కలగాపులగంగా ఉన్న పెద్ద పటం దగ్గర ఆగి, వేలు చాపి, "ఇంకా ఆరలేదా?" అన్నాడు.

"ముట్టుకోవద్దు! అది భావం."

"సెరి సెరి. ఆరినాక చూస్తా."

గది చివరికి పోయాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. సంతలో మొదటిసారి చొక్కా ఏరుకునే పిల్లాడి మొహంలో ఉండే సంతోషం, భయం రెండూ ఆ మొహంలో ఉన్నాయి. వెనక గుమ్మంలోంచి లారీ డ్రైవరు తొంగి చూసి, "అన్నా, దించేదా?" అన్నాడు. శ్రీనివాసన్ గారు ఆగమని చెయ్యి చూపించారు. పెద్దాయన మూడో చుట్టు మొదలుపెట్టాడు. డ్రైవరు మళ్ళీ వచ్చాడు. "అన్నా, బెల్లం కారతా ఉండాది."

సుందరి గారు సంచి తీసుకుని లేచారు. "మళ్ళీ ఎప్పుడైనా వస్తానండీ."

కవిప్రియ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "తాతా!" అంది. ఆ ఒక్క మాటలో గది మొత్తం ఉంది.

చెంగల్రాయన్ మూలకి నడిచి చిన్న పటం ఒకటి ముందు నిలబడ్డాడు. అందులో ఏమీ లేదు. దించేసిన షట్టరు, దానికి తుప్పు పట్టిన తాళం.

"ఎవరి కొట్టు ఇది?" అని బాలమురుగన్‌ని అడిగాడు.

"ఎవరిదీ కాదు. ఊహించి వేశాను."

"ఎవరిదీ కాదా? మంచిదే. ఎవురూ వచ్చి అడగరు." జేబులో నాణెం తీసి కవిప్రియ చేతిలో పెట్టాడు.

శ్రీనివాసన్ గారు ఇద్దరి మధ్యకీ వచ్చారు. "మామా! బోణీకి మూసిన కొట్టా? పువ్వులుండాయి, పడవ ఉండాది, జొరమొచ్చిన ఆయమ్మన్నా తీసుకో!"

"ఏంది సీనయ్యా నువ్వు, యాపారం చేసేవోడివేనా? మూసిన కొట్టు పటం నీ కొట్లో ఏలాడతా ఉంటే గిరాకీ యాడ నిలుస్తుంది? ఇంతకాలమూ దాన్ని పెట్టుకోని కూతుర్ని అరిస్తివే! ముందు దీన్ని బయటికి తోలాల."

శ్రీనివాసన్ గారు వేళ్ళు మడిచారు. లోపల ఏదో లెక్క కుదిరింది. కూతురు ఆ పటం తగిలించింది నిన్న సాయంత్రమే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కవిప్రియ పటం పక్కన ఎర్ర చుక్క అంటించింది. అమ్ముడుపోయిందని గుర్తు. పటం మాత్రం ప్రదర్శన అయ్యేదాకా గోడ మీదే ఉంటుంది, అది చిత్రశాలల మర్యాద. "వచ్చే ఆదివారం నేనే ఇంటికి తెచ్చిస్తా తాతా."

"సరుకు గడప దాటకపోతే అది బోణీ కాదు పాపా" అని ఆయన పటం మేకు మీదినించి ఎత్తేశాడు.

బాలమురుగన్ అరిచాడు. "గోడ బోసిపోతుంది! తొమ్మిది పటాల వరస అది!"

గోడ నిజంగానే బోసిపోయింది. మేకు, ఎర్ర చుక్క, పటం ఉన్నంత మేర ఉత్త సున్నం, దాని మీద అప్పుడే దారి కనుక్కున్న చీమలు. గుమ్మం దాకా పోయిన సుందరి గారు వెనక్కి తిరిగి ఆ ఖాళీని చూశారు.

"అయ్యో, అది నేను అనుకున్నదండీ!" అన్నారు. పొద్దుటినుంచి ఆవిడ ఆ మూలకి వెళ్ళగా ఎవరూ చూడలేదు. "ఆ పడవ, ఆ నీలం పటం నాకు పెట్టెయ్యండి. ఇంకెవరైనా ఎత్తుకుపోయేలోగా ఇప్పుడే పట్టుకెళ్తాను."

కవిప్రియ నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు, ఆ పిల్ల చేతులు మాత్రం గబగబా పాత పేపరు చుడుతున్నాయి. బాలమురుగన్ మర్యాద సంగతి మరిచిపోయి తనే పడవని దించాడు. శ్రీనివాసన్ గారు చెంగల్రాయన్ ఇచ్చిన నాణేన్ని కూతురి చేతిలోంచి లాక్కుని కళ్ళకద్దుకుంటున్నారు.

ఈ హడావుడిలో చెంగల్రాయన్ నా దగ్గరకొచ్చాడు. నా చేతిలోంచి బకెట్టు తీసుకున్నాడు, పటం అందులో నిలబెట్టాడు, సరిగ్గా పట్టింది. వెనక గుమ్మంలో డ్రైవరు, "పెద్దాయనా, దించేదా?" అన్నాడు.

"సీనయ్యని ఇంకో గోడౌను చూసుకోమను" అని, పిడి లేని బకెట్టుని చంకన పెట్టుకుని, లారీ పక్కనించి సందు మలుపు దాకా పోయాడు.

"చెంగల్రాయన్ గారూ!" అని పిలిచాను.

తిరగలేదు. మలుపు తిరిగిపోయాడు.