కుంకుమబొట్టు పెట్టిన యాంటీబాడీ

హైదరాబాదంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగులు తీస్తున్న రోజుల్లో నేను జూబ్లీహిల్స్‌లో ఒక మేడ కింది అంతస్తులో ఉన్న చిన్న ల్యాబులో పాథాలజిస్టుని, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు చూసి జబ్బేదో చెప్పడం నా పని. "ఆ ముక్కలు చూసి ఏం బావుకుంటావే, జావా నేర్చుకో" అని మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా పోరేది. నాకేమో ముక్కలే ఇష్టం. కోపమూ ఎక్కువే, ల్యాబులో అందరికీ తెలుసు.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకునే ఒకావిడ కొడుక్కి మెడలో గడ్డ లేచింది. బడికి వెళ్లే వయసు పిల్లాడు. ఆపరేషన్ చేసి తీసిన ముక్క మా దగ్గరికొచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే అన్నీ చిన్న చిన్న కణాలు, ఆవాలు ఒలికినట్టు. క్యాన్సరే, సందేహం లేదు. ఏ క్యాన్సరో మాత్రం కంటికి అందడం లేదు.

దానికొక పరీక్ష ఉంది. రోగాలతో పోరాడే తెల్లకణాలు ఇంకా పసివిగా ఉన్నప్పుడు వాటిలో ఒక ఎంజైమ్ ఉంటుంది, ఎదిగాక పోతుంది. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీ చుక్క స్లైడు మీద వేస్తే, ఎంజైమ్ ఉన్నచోటల్లా చివరికి గోధుమరంగు తేలుతుంది. లేకపోతే అంతా నీలమే. గోధుమరంగు వస్తే అది పసి తెల్లకణాల క్యాన్సర్. దానికి మందులున్నాయి, చాలామంది పిల్లలు కోలుకుంటారు. రాకపోతే మిగిలిన వాటిలో ఏదో ఒకటి, నాకు వాటి పేర్లు తలుచుకుంటేనే భయం.

"లేదు అని రావాలని వెంకన్నకి మొక్కుకున్నానండీ," అంది ఆ తల్లి.

"మొక్కు మార్చుకోమ్మా. ఉంది అని రావాలి," అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కూర్చోబెట్టి అంతా చెప్పాను. తలూపింది కానీ నమ్మినట్టు లేదు.

దసరా సెలవుల తర్వాత పరీక్ష పెట్టాం. మా టెక్నీషియన్ ఎర్రగడ్డ మనిషి, చెయ్యి తిరిగినవాడు. రోగి స్లైడుతో పాటు ఎప్పుడూ ఇంకో స్లైడు కూడా పెడతాం, థైమస్ ముక్కది. ఆ పసికణాలు పెరిగే గ్రంథి అదే కాబట్టి అందులో గోధుమరంగు వచ్చి తీరాలి. పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి అదే సాక్షి.

సాయంత్రానికి స్లైడులు నా బల్ల మీదికొచ్చాయి. పిల్లాడిది నీలం. తల్లి బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. ఆవిడకేం చెప్పాలో తెలియక, వెంటనే లేవబుద్ధి కాక, థైమస్ స్లైడు పెట్టి చూశాను. అదీ నీలమే!

"ఏం చేశావయ్యా దీన్ని?" అని కేకేశాను.

అతను ఫ్రిజ్‌లోంచి యాంటీబాడీ సీసా తెచ్చాడు. మూత మీద పసుపు, దాని మీద కుంకుమబొట్టు.

"ఆయుధపూజ గద మేడమ్. మైక్రోస్కోపుకు చేసినం, కత్తికి చేసినం. అసలు పని చేసేది గిదే, గిదొక్కదాన్ని ఫ్రిజ్‌ల ఎట్ల విడిచిపెడ్త? అమ్మవారి ముందల పెట్టిన. పొద్దున రాంగనే మళ్ల లోపల పెట్టిన."

చల్లదనం తప్పితే పాడైపోయే సీసా, సెలవులన్నాళ్లూ దీపం పక్కన! అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓరి నీ భక్తి బంగారం గానూ! అమ్మవారు అడిగిందా నిన్ను, సీసా తెచ్చి వెచ్చబెట్టమని?" నా అరుపులకి పై అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మెట్ల మీదికొచ్చి తొంగిచూశారు. తిట్టి తిట్టి ఆయాసమొచ్చి కూలబడ్డాక గానీ నాకు తట్టలేదు. సీసా చచ్చిందంటే పిల్లాడి స్లైడులో నీలం కూడా నమ్మడానికి లేదు. అంత కోపంలోనూ పెదాల మీదికి నవ్వొచ్చేసింది.

"గుస్స కాకుండ్రి మేడమ్. వెంగళరావు నగర్‌ల నా దోస్తు గూడ ల్యాబ్‌లనే చేస్తడు. గాడ ఉంటది, జర అడిగి తెస్త," అంటూ థర్మాకోల్ డబ్బాలో ఐసు వేసుకుని స్కూటరెక్కాడు.

నేను బయటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరి తప్పని ఆవిడ అడగలేదు. "అయితే లేదని తేలినట్టు కాదు కదండీ?" అంది. మొక్కు మారిందని అర్థమైంది.

మర్నాడు అతను తెచ్చిన సీసాతో మళ్లీ పెట్టాం. ముందు థైమస్ చూశాను, చక్కటి గోధుమరంగు. తర్వాత పిల్లాడి స్లైడు పెట్టాను. ఎటు జరిపినా గోధుమరంగే, కణం కణంలోనూ. వెనక నిలబడ్డ టెక్నీషియన్‌ని పక్కకి తోసేసి బయటికి పరుగెత్తాను.

"ఉందమ్మా! ఉంది!"

నేనేదో పరీక్ష పాసైనట్టు అరిచాను. రిపోర్టుల కోసం కూర్చున్న వాళ్లందరూ తలలు తిప్పారు. అప్పుడు తెలిసొచ్చింది, నేను ఒక తల్లికి నీ కొడుక్కి క్యాన్సర్ అని చెబుతున్నానని. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చేశాను.

ఆవిడ లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోండి డాక్టర్ గారూ, ఉందన్నారుగా," అంది. "ఇంక మందులు ఎప్పుడు మొదలెడతారో చెప్పండి."