బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ

నా మొగుడు పోయిన పదో రోజున నా గాజులు తీసింది మా ఆడబిడ్డ. ఆమె అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకున్నది కాబట్టి ఆ పని ఆమెకే వచ్చింది. గాజులు బిగుతు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండను పట్టి, ఎముక తగిలేదాకా నొక్కి లాగింది. నేను అరిచాను. అందరిముందూ అంది:

"నా తమ్ముణ్ణి మింగినవు. ఈ మాత్రం ఓర్సుకోలేవా ఏంది?"

ఆ మాట నేను మరవలేదు. మరవాలని చూడనూ లేదు.

తర్వాత కోంటా వదిలి జగదల్‌పూర్ పోయాను. అక్కడ చైనా పద్ధతిలో సూదులు గుచ్చే డాక్టరు దగ్గర గది ఊడ్చే పని. పంటి నొప్పి, తలనొప్పి, ముక్కు దిబ్బడ అంటూ ఎవరొచ్చినా ఆయన ముందు పట్టేది ఆ బొటనవేలి పక్క కండనే. నొక్కితే బరువుగా నొప్పి పుట్టాలి, అప్పుడే పని చేసినట్టు అనేవాడు. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం అక్కడ వేలు పెట్టేవాడు కాదు. బిడ్డ నిలవదని వాళ్ల వైద్యంలో ఉందట. ఆయన ఏ చెయ్యి నొక్కినా నాకు ఆడబిడ్డ చెయ్యే కనిపించేది.

ఇప్పుడు కోంటా సంతలో చింతపండు అమ్ముతాను. ఎవరైనా పన్ను నొప్పి అంటే ఆ డాక్టర్ని చూసి నేర్చినట్టు చెయ్యి నొక్కుతాను. మొన్న ఆడబిడ్డ వచ్చింది, తలకు గుడ్డ కట్టుకుని, వెంట కోడల్ని తీసుకుని.

"దీనికి పన్ను గుంజుతాందంట. నీ చైనా వైద్యం చెయ్యి."

ఆ పిల్ల చెయ్యి పట్టాను. ఆమె రెండో చెయ్యి కొంగు కింద పొట్ట మీద ఉంది. నా చెవి దగ్గరికి వంగింది.

"మూడో నెల, చిన్నత్తా. ఇంట్ల ఇంక చెప్పలే."

నా వేలు సరిగ్గా ఆ చోటనే ఉంది. ఆ పిల్లకు పెళ్లయి ఏళ్లు గడిచినా ఆ ఇంట్లో పసిబిడ్డ లేదు. మనవడి కోసం ఆడబిడ్డ మొక్కని దేవుడు లేడు. వేలు అక్కడే కాసేపు ఉంచాను. తర్వాత తీశాను.

"ఈ పిల్లకు కూడదు. దవాఖానకు తీస్కపో వదినా."

"నా మీద కోపం దీని మీద తీస్తున్నవా?"

"లేదు. నీ మీదనే తీస్త. ఇటు తే చెయ్యి, నీ తలనొప్పన్న పోతది."

పట్టాను. ఎముక తగిలేదాకా నొక్కాను. సంతంతా చూస్తుండగా ఆమె మోకాళ్ల మీదికి వంగిపోయింది.

"వదులే, వదులు."

"ఈ మాత్రం ఓర్సుకోలేవా ఏంది, వదినా?"

మరుసటి సంతకు కబురొచ్చింది, తలనొప్పి పోయిందట, మళ్లీ నొక్కించుకోవడానికి వస్తుందట. నొప్పి పోయినందుకు నాకు కడుపు మండింది. మళ్లీ వస్తున్నందుకు మాత్రం గోళ్లు కత్తిరించుకోకుండా పెంచుకుంటూ కూర్చున్నాను.